పొట్ట పులుపుకు మొక్కల సారం: ఎంతవరకు సాయం?



పాల కేంద్రంలో వెన్న శాతం తగ్గిందంటే మనం ముందుగా అనుమానించేది అక్కడి మిషన్‌ని. తరవాత పశువుకు ఎండ తగిలిందేమో అనుకుంటాం. నాలుగు రోజులు చూద్దాంలే అని ఊరుకుంటాం. వెన్న తగ్గడానికి కారణాలు చాలానే ఉన్నా, దాణా బాగా దట్టించే కొట్టాల్లో ముందు చూడవలసింది పశువు పెద్దపొట్ట సంగతి. దాణా ఎక్కువై, గడ్డి తక్కువై, పొట్టలో పులుపు పెరిగితే ఆ దెబ్బ తొందరగా కనపడేది వెన్నలోనే. పశువైద్యులు దీన్ని ఎసిడోసిస్ అంటారు.

ఈ పులుపును అదుపు చేస్తాయంటూ దాణా దుకాణాల్లో ఇప్పుడు మూలికల పొడులు, సీసాలు అమ్ముతున్నారు. వాము, లవంగం, దాల్చినచెక్క, వెల్లుల్లి, కరక్కాయ వంటి పేర్లు వాటిమీద కనిపిస్తాయి. అన్నీ మనకు తెలిసిన సరుకులే. వీటిలో పనిచేసే గుణం ఏముంది, ఎంతవరకు పనిచేస్తుంది, ఎక్కడ పనిచేయదు? ఇవాళ ఆ విషయం చెప్పుకుందాం.

ముందు పొట్ట సంగతి. ఆవుకు, గేదెకు కడుపులో నాలుగు గదులు. మొదటిది, అన్నిటికన్నా పెద్దది, మనం పెద్దపొట్ట అనేది. పెద్ద ఆవులో ఇది 100 లీటర్లకు పైగా పడుతుంది. అందులో కోటానుకోట్ల సూక్ష్మజీవులు ఉంటాయి. గడ్డిలోని పీచును ఆవు తనంతట తాను అరిగించుకోలేదు. ఆ పని ఈ సూక్ష్మజీవులు చేస్తాయి. మేతను పులియబెట్టి ఆమ్లాలుగా మారుస్తాయి. ఎసిటిక్, ప్రొపియోనిక్, బ్యుటిరిక్ అనే ఈ మూడు ఆమ్లాలే పశువుకు కావలసిన శక్తిలో సుమారు 70 శాతం ఇస్తాయి. పాలల్లో వెన్న తయారవడానికి ముఖ్యంగా ఎసిటిక్ ఆమ్లం కావాలి. అది ఎక్కువగా గడ్డి నుంచి వస్తుంది.

అంటే పులియడం తప్పు కాదు, అతిగా పులియడమే తప్పు. ఇడ్లీ పిండి రాత్రంతా పులిస్తేనే ఇడ్లీ మెత్తగా వస్తుంది. అదే పిండిని వేసవిలో మరో పూట బయట వదిలేస్తే నోట పెట్టలేం. పెద్దపొట్టలోనూ ఇదే జరుగుతుంది. కాకపోతే అక్కడ పులియడం రాత్రీ పగలూ ఆగదు. కాబట్టి పుట్టిన పులుపును ఎప్పటికప్పుడు విరిచేది ఒకటి ఉండాలి. అదే లాలాజలం.

పెద్ద ఆవు రోజుకు 100 లీటర్లకు పైగా లాలాజలం మింగుతుంది. అందులో మన వంటసోడాలో ఉండే బైకార్బొనేటే ఉంటుంది. లెక్క కడితే రోజుకు కిలోకు తక్కువ కాని సోడా పశువు తన నోటితోనే తయారుచేసుకుంటోందన్నమాట. ఇదంతా నమలడం మీద, నెమరు మీద ఆధారపడింది. పొడుగు పీచున్న మేత తింటే పశువు రోజులో ఏడెనిమిది గంటలు నెమరు వేస్తుంది. మెత్తటి దాణా తింటే నమలడానికి ఏమీ ఉండదు. అటు పులుపు వేగంగా పుడుతుంది, ఇటు దాన్ని విరిచే లాలాజలం తగ్గుతుంది. రెండు వైపులా దెబ్బే.

పులుపును పీహెచ్ అనే కొలతతో చెబుతారు. అంకె తగ్గేకొద్దీ పులుపు పెరిగినట్టు. పెద్దపొట్టలో అది మామూలుగా 6కూ 7కూ మధ్య ఉంటుంది. రోజూ కొన్ని గంటలసేపు 5.6 కన్నా కిందికి పోతుంటే దాన్ని లోలోపలి ఎసిడోసిస్ అనాలి. పశువు పడిపోదు, మేత పూర్తిగా మానదు, కానీ నెమ్మదిగా చెడుతుంది. పీహెచ్ 5 దాకా దిగజారితే ప్రాణం మీదికి వచ్చినట్టే.

ఇలా దిగజారడానికి కారణమయ్యే సూక్ష్మజీవి ఒకటుంది. పేరు స్ట్రెప్టోకాకస్ బోవిస్. మామూలు రోజుల్లో ఇది తక్కువగానే ఉంటుంది. పిండి పదార్థం ఒక్కసారిగా వచ్చి పడితే మిగతా వాటికన్నా వేగంగా పెరుగుతుంది. అప్పుడది లాక్టిక్ ఆమ్లం తయారుచేస్తుంది. ఇది ఇందాక చెప్పిన మూడు ఆమ్లాలకన్నా చాలా ఘాటైనది. ఈ లాక్టిక్ ఆమ్లాన్ని తినేసే మంచి సూక్ష్మజీవులూ పొట్టలో ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనది మెగాస్ఫేరా ఎల్స్‌డెనీ. కానీ అది పెరగడానికి సమయం కావాలి. దాణా నెమ్మదిగా పెంచితే దానికి ఆ సమయం దొరుకుతుంది. ఒక్కసారిగా పెంచితే దొరకదు. పులుపు కథంతా ఈ రెండు జీవుల మధ్య పోటీయే.

మన ఊళ్లలో ప్రాణం మీదికి వచ్చే సందర్భాలు ఎప్పుడు వస్తాయో మీకు తెలుసు. పెళ్లిలో మిగిలిన అన్నం తెచ్చి గంపలకొద్దీ కుడితి తొట్టిలో పోస్తారు. కట్టు తెంచుకున్న గేదె మొక్కజొన్న రాశిమీద పడుతుంది. ఉడికిన అన్నం పచ్చి గింజకన్నా వేగంగా పులుస్తుంది. గంటల్లో పొట్ట బిగుస్తుంది. ఒంట్లోని నీరంతా పొట్టలోకి లాగేసుకుని కళ్లు లోతుకు పోతాయి. పశువు తూలుతుంది, పడిపోతుంది. ఇలాంటప్పుడు ఏ మూలికా పనిచేయదు. ఈ మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. పులిసిన మజ్జిగ, చింతపండు రసం వంటివి పట్టకండి, పులుపుకు పులుపు తోడవుతుంది. పడుకున్న పశువుకు గొట్టంతో ఏదీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. మిగిలిన గింజో అన్నమో ముందు నుంచి తీసేయండి. వెంటనే పశువైద్యుణ్ణి పిలవండి. ఆంధ్రప్రదేశ్‌లోనైనా తెలంగాణలోనైనా 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది.

లోలోపలి ఎసిడోసిస్ ఇలా బయటపడదు. దాన్ని మనమే కనిపెట్టాలి. తీరిగ్గా పడుకున్న పశువుల్లో కనీసం సగం నెమరు వేస్తూ ఉండాలి. ఒక ముద్దను 50, 60 సార్లు నమలాలి. 40కి లోపే మింగేస్తుంటే గడ్డి చాలడం లేదని అర్థం. పేడ ఒక రోజు గట్టిగా, ఒక రోజు పలచగా ఉంటుంది. అందులో నురగ, అరగని గింజలు కనిపిస్తాయి. ఇవాళ తిన్న దాణా రేపు వదిలేస్తుంది. వెన్న శాతం జారుతుంది. నెలలు గడిచాక గిట్టలు దెబ్బతిని కుంటుతుంది. ఈ గుర్తులు రెండు మూడు కలిసి కనిపిస్తే మేతను సరిచేయాలి.

ఇక మందుల సంగతి. అందరికీ తెలిసింది వంటసోడా. అది పుట్టిన పులుపును విరుస్తుంది. రెండోది మొనెన్సిన్. ఇది ఒక రకం యాంటీబయాటిక్. స్ట్రెప్టోకాకస్ బోవిస్‌ను అణుస్తుంది, లాక్టిక్ ఆమ్లాన్ని తినే జీవుల జోలికి పెద్దగా పోదు. అమెరికాలో 1970ల మధ్య నుంచి మాంసం పశువుల దాణాలో వాడుతున్నారు. గుర్రం తింటే మాత్రం చనిపోవచ్చు. అయితే యాంటీబయాటిక్స్‌ను ఎదుగుదల కోసం దాణాలో కలపడాన్ని ఐరోపా సమాజం 2006 జనవరి 1 నుంచి నిషేధించింది. మందులకు లొంగని సూక్ష్మజీవులు మనుషుల్లోనూ పెరుగుతున్నాయన్న భయమే అందుకు కారణం. మన దేశంలోనూ 2019లో కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను పశువుల్లో, కోళ్లలో, చేపల పెంపకంలో వాడకుండా ఆపేశారు. మొనెన్సిన్ చేసే పనిని మొక్కలు చేయగలవా అని శాస్త్రవేత్తలు గట్టిగా వెతకడం ఐరోపా నిషేధం నాటి నుంచే ఎక్కువైంది.

మొక్కలకు ఆ శక్తి ఎక్కడిది? మొక్క పారిపోలేదు. తనను తినడానికి వచ్చే పురుగుల నుంచి, బూజు నుంచి, బాక్టీరియా నుంచి తనను కాపాడుకోవడానికి ఘాటైన, వగరైన, చేదైన పదార్థాలు తయారుచేసుకుంటుంది. బాక్టీరియాను అణిచే ఆ గుణాన్నే మనం పొట్టలో వాడుకోవాలని చూస్తున్నాం. పులుపుకు సంబంధించినంత వరకు వీటిని నాలుగు వర్గాలుగా చెప్పుకోవచ్చు.

మొదటి వర్గం సుగంధ తైలాలు. వాములో థైమాల్, లవంగంలో యూజినాల్, దాల్చినచెక్కలో సిన్నమాల్డిహైడ్, వెల్లుల్లిలో గంధకంతో కూడిన పదార్థాలు. ఇవి బాక్టీరియా పైపొరను దెబ్బతీస్తాయి. పిండి పదార్థాన్ని వేగంగా పులియబెట్టే వాటిని కొంత నెమ్మదింపజేస్తాయి. ఇక్కడో విశేషం ఉంది. పొట్ట పీహెచ్ 7 దగ్గర ఉన్నప్పుడు ఇవి చూపే ప్రభావం వేరు, 5.5 దగ్గర ఉన్నప్పుడు వేరు. స్పెయిన్ పరిశోధకులు ప్రయోగశాలలో ఈ తేడా చూపించారు. అంటే దాణా ఎక్కువ తినే పశువులో కనిపించిన మేలు, గడ్డి మీద బతికే పశువులో కనపడకపోవచ్చు. పక్కవాడి హెచ్ఎఫ్ ఆవుకు పనిచేసిన సీసా మీ నాటు ఆవుకు పనిచేయకపోవడానికి ఇది ఒక కారణం.

మిరప కూడా ఇదే వరుసలో వస్తుంది, కానీ దాని పని వేరు. మిరపలోని క్యాప్సైసిన్ సారాన్ని కొద్ది మోతాదులో ఇచ్చినప్పుడు మాంసం పశువులు మేత ఎక్కువ తినడం, నీళ్లు ఎక్కువ తాగడం గమనించారు. అలాగని గుంటూరు కారం తెచ్చి దాణాలో కలిపేయకండి. ప్రయోగాల్లో వాడింది తూచి ఇచ్చిన సారం.

రెండో వర్గం టానిన్లు, అంటే వగరు. కరక్కాయ, తుమ్మ కాయలు, తుమ్మ బెరడు, చింతగింజల పొట్టు వీటికి పుట్టిళ్లు. టానిన్లు మాంసకృత్తులను పట్టుకుని పొట్టలో అవి వేగంగా విరిగిపోకుండా చూస్తాయి, మీథేన్ వాయువును తగ్గిస్తాయి. బెంగళూరులోని జాతీయ పశు పోషణ సంస్థ టానిన్లున్న మొక్కలతో 'హరిత ధార' అనే దాణా మిశ్రమాన్ని తయారుచేసింది. దాని అసలు లక్ష్యం పశువు తేన్పుల్లో పోయే మీథేన్‌ను తగ్గించడం, పులుపును తగ్గించడం కాదు. కాబట్టి వగరు పదార్థాలను పులుపుకు నేరుగా మందు అనుకోకూడదు. పైగా మొత్తం మేతలో టానిన్లు 5 శాతం దాటితే పశువు మేత తగ్గించేస్తుంది, పీచు అరగడమూ తగ్గుతుంది.

మూడో వర్గం సపోనిన్లు, అంటే నురగ వచ్చే పదార్థాలు. మనకు కుంకుడుకాయ, మెక్సికో ప్రాంతంలో యుక్కా, చిలీలో క్విల్లాయా చెట్టు బెరడు. ఇవి పొట్టలోని ప్రోటోజోవా అనే జీవులను చంపుతాయి. వినడానికి మంచిదే అనిపిస్తుంది. కానీ ఆ ప్రోటోజోవా పిండి రేణువులను మింగి, తమలో దాచుకుని, నెమ్మదిగా వాడుకుంటాయి. పులుపు ఒక్కసారిగా పెరగకుండా అవి కొంత కాపాడుతున్నాయన్నమాట. దాణా దండిగా తినే పశువులో వాటిని చంపేస్తే పులుపు తగ్గకపోగా పెరగవచ్చు. పులుపు సమస్యకు కుంకుడు పొడి కలపమని ఎవరైనా చెబితే ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.

నాలుగో వర్గం ఫ్లేవనాయిడ్లు. నిమ్మ, నారింజ జాతి కాయల తొక్కలో ఇవి ఎక్కువ. స్పెయిన్‌లో దాణా ఎక్కువ తినే పెయ్యలకు ఈ సారం ఇచ్చి చూసినప్పుడు పొట్టలో పులుపు తగ్గింది. లాక్టిక్ ఆమ్లాన్ని తినే మెగాస్ఫేరా సంఖ్య పెరిగింది. ఇందాక పోటీ అన్నాను కదా, అందులో చెడ్డదాన్ని అణచడం కన్నా మంచిదాన్ని పెంచే దారి ఇది. నాలుగు వర్గాల్లోనూ పులుపు విషయంలో నాకు ఎక్కువ ఆశ కలిగిస్తున్నది ఇదే.

ఇప్పుడు పరిమితులు. మొక్కల సారాల మీద జరిగిన పరిశోధనల్లో ఎక్కువ భాగం గాజు పాత్రల్లో జరిగినవి. పొట్ట ద్రవాన్ని తీసి, అందులో సారం కలిపి చూస్తారు. అక్కడ వాడే మోతాదును నిజమైన పశువుకు ఇవ్వాలంటే ఒక్కోసారి ఖర్చు భరించలేం, ఒక్కోసారి పశువు ఆ దాణా ముట్టదు. రెండోది, సూక్ష్మజీవులు అలవాటు పడతాయి. మొదటి రోజుల్లో కనిపించిన ఫలితం తరవాత పలచబడవచ్చు. మూడోది, సరుకులో తేడాలు. వాములో తైలం 2 నుంచి 4 శాతం దాకా ఉంటుంది. ఆ తైలంలో థైమాల్ ఎంత అన్నది విత్తనాన్ని బట్టి, నేలను బట్టి, నిలవను బట్టి మారుతుంది. 100 గ్రాముల వాములో గ్రామున్నర థైమాల్ ఒకచోట ఉంటే, పాతబడి వాసన పోయిన వాములో అందులో సగం కూడా ఉండకపోవచ్చు. పొడికీ తూచి తీసిన సారానికీ తేడా ఇక్కడే. వెల్లుల్లి ఎక్కువైతే ఆ వాసన పాలకు పడుతుంది, కేంద్రంలో పాలు తిప్పి పంపుతారు.

అజీర్తి చేస్తే వాము, అల్లం, ఇంగువ కలిపి పట్టడం మన పెద్దలు చేస్తున్న పనే. ఒక పూట మేత సరిగా తినని పశువుకు అది ఆకలి పుట్టిస్తుంది, గ్యాసు కదుపుతుంది. దాన్ని నేను కాదనడం లేదు. కానీ ఒక పూట ఇచ్చే వైద్యం వేరు, రోజూ దాణాలో కలిపి పులుపును అదుపు చేయడం వేరు. రెండోదానికి తూకం కావాలి, నిలకడ కావాలి, లెక్క కావాలి.

మరి కొనాలంటే ఏం చూడాలి? సీసా మీద మూలికల పేర్లుంటే చాలదు. అందులో పనిచేసే పదార్థం ఏది, ఎంత శాతం అన్నది రాసి ఉండాలి. పాలిచ్చే పశువులకు రోజుకు ఎన్ని గ్రాములు అన్నది ఉండాలి. తయారీ తేదీ ఉండాలి, ఎందుకంటే సుగంధ తైలాలు నిలవలో ఎగిరిపోతాయి. ఇవి లేని సరుకు ఎంత చవకైనా దండగే. కొన్న తరవాత కొట్టంలోని అన్నిటికీ ఒకేసారి పెట్టకండి. ఈత, పాలు దగ్గరదగ్గరగా ఉన్న పశువులను రెండు జట్లు చేయండి. ఒక జట్టుకు పెట్టండి, రెండో జట్టుకు పెట్టకండి. మేత రెండిటికీ ఒకటే. నెల రోజులు పాలు, వెన్న శాతం ఒక పుస్తకంలో రాయండి. పెరిగిన వెన్న డబ్బు సీసా ఖర్చును దాటితేనే కొనసాగించండి.

అసలు పని మాత్రం మేత దగ్గరే ఉంది. పాడి ఆవుకు ఒళ్లు నిలబడడానికి కిలో నుంచి కిలోన్నర, ఆపైన ప్రతి రెండున్నర లీటర్ల పాలకు ఒక కిలో దాణా అని మనం లెక్క వేసుకుంటాం. 10 లీటర్లిచ్చే ఆవుకు అయిదున్నర కిలోల దాకా అవుతుంది. దాన్ని రెండు పూటల్లో కుమ్మరించకుండా మూడు నాలుగు సార్లుగా పెట్టండి. ఒక్కసారికి రెండు కిలోలు దాటనివ్వకండి. ముందు గడ్డి వేసి, ఆ తరవాత దాణా పెట్టండి. ఈనిన వెంటనే పాల మీద ఆశతో దాణా పెంచేయకండి, రెండు మూడు వారాల్లో మెల్లగా పెంచండి. వరిగడ్డిని, చొప్పను అంగుళం ముక్కలుగా నరకండి, పొడి చేయకండి, పొడి అయితే నెమరు ఉండదు. మిగిలిన అన్నం పెట్టాలంటే గడ్డి తిన్న పశువుకు, కొద్దిగా, దాణాలో అంత తగ్గించి పెట్టండి.

వేసవిలో మరో జాగ్రత్త. రొప్పే పశువు నోటి నుంచి లాలాజలం కారిపోతుంది, రక్తంలోని బైకార్బొనేట్ కూడా తగ్గుతుంది. పగలు గడ్డి వదిలి దాణా మాత్రం తింటుంది. ఏప్రిల్, మే నెలల్లో గడ్డిని రాత్రి, తెల్లవారుజామున పెట్టండి. దాణా ఎక్కువ తినే పెద్ద ఆవుకు రోజుకు 100 నుంచి 150 గ్రాముల వంటసోడా రెండు పూటల దాణాలో కలపండి. లెక్క మరోసారి గుర్తుచేసుకోండి: మనం పెట్టే సోడా 100 గ్రాములు, బాగా నెమరు వేసే ఆవు తానుగా తయారుచేసుకునేది కిలో. ఏది చవకో మీరే చెప్పండి.

కాబట్టి వరుస ఇది. మొదట గడ్డి, నెమరు. రెండోది దాణా పెట్టే పద్ధతి. మూడోది సోడా. మొక్కల సారం స్థానం నాలుగోది. మొదటి మూడూ సరిగా ఉండి, పాల దిగుబడి కోసం దాణా తప్పనిసరిగా ఎక్కువ పెట్టవలసిన పశువులకు అది నాలుగు డబ్బులు తెచ్చిపెట్టవచ్చు. మొదటిది లేని చోట ఎంత ఖరీదైన సారమైనా దండగ ఖర్చే. రేపు దుకాణానికి వెళ్లే ముందు ఒక్క పని చేయండి. మధ్యాహ్నం పశువులు పడుకున్నప్పుడు కొట్టంలోకి వెళ్లి, ఎన్ని నెమరు వేస్తున్నాయో, ఒక్కో ముద్దను ఎన్నిసార్లు నములుతున్నాయో లెక్కపెట్టండి. ఆ అంకెలు రాసుకుని మీ పశువైద్యుడికి చూపించండి. ఏం కొనాలో, అసలు కొనాలో వద్దో ఆయనతో మాట్లాడి తేల్చుకోండి.